పచ్చని సాలు

పెనుకొండ దగ్గరి పల్లెలో పట్టుపురుగులు పెంచే ఓబులమ్మకు ఒకచోట కూర్చోవడం చేతకాదు. మల్బరీ ఆకు కోస్తుంది, తట్టల్లో పరుస్తుంది, పురుగులు మేసే చప్పుడు వాన కురిసినట్టు నిండుగా ఉందో లేదోనని షెడ్డు గుమ్మంలో చెవి ఒగ్గుతుంది. అంతలోనే మళ్ళీ తోటలోకి పరుగు. పోయిన పంట రోగంతో తుడిచిపెట్టుకుపోతే, చచ్చిన పురుగులనూ వాటి పెంటనూ తన చేతులతోనే గుంటలో పూడ్చింది. ఈ పంటైనా హిందూపురం పట్టుగూళ్ళ అంగడికి చేరాలి.

ఆ ఉదయం తోటలో ఒక్క సాలు మాత్రం నవనవలాడుతూ కనిపించింది. మొగుణ్ణి కేకేసింది.

"ఏమయ్యా, ఈ సాలుకు ఏమేసినావు?"

"ఆ గుంటలోదే. అంత మంచి ఎరువు ఊరికే పోతాండాది గదా!" అన్నాడు భర్త కుళ్ళాయప్ప.

"దాంతోపాటు రోగం గూడా ఆకుకొచ్చుంటాది గదయ్యా!"

"గూడుకట్టే ముందు పురుగులు ఆకలిమీదుండాయి. ఇది గాకుంటే ఆకు యాడ తెస్తావు?"

ఓబులమ్మ కొడవలి అందుకుంది. ఆ సాలంతా కోసి, గుంటలో తొక్కి, మట్టి కప్పి, గట్టుమీద చతికిలబడింది. షెడ్డులో వాన చప్పుడు సన్నగిల్లుతోంది. ఉలిక్కిపడి లేచి, ఖాళీ గంప చంకనెత్తుకుని పక్కవాళ్ళ తోటవైపు నడిచింది.