నా కాలి కొలత

సూర్యాపేటలో కోదాడ బస్సెక్కితే పక్క సీట్లో ఒకాయన, పేపర్లో చుట్టిన సైకిల్ చైను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వెనక్కి వాలి కూర్చుని తొక్కే మూడు చక్రాల బండ్లు చేస్తాడట. రోడ్డు ఎత్తెక్కితే తొక్కేవాడికి బ్యాటరీ సాయపడుతుందట. మనిషి కాలు కొలవనిదే ఫ్రేము కోయడట.

"ఎన్ని అమ్మినవ్ అన్నా?"

"చుట్టానికి చేసిందొక్కటే. ఈ నెల ఆర్డరు రాకుంటే షెడ్డు ఖతమే."

నా నాలుక ఊరుకుంటుందా? "నాకొకటి చెయ్యి. మిర్యాలగూడల నా రైస్ మిల్లు ఎవర్నడిగినా చెప్తరు," అనేశాను. మిల్లు కాదు కదా, నాకు పిండి గిర్నీ కూడా లేదు.

ఆయన నవ్వలేదు. "జర కాలు సాపుండ్రి సార్" అని, దారం తీసి నడుము నుంచి మడమ దాకా కొలిచి ముడేశాడు. "గీ బండి ఇగ మీకే సరిపోతది. ఇంకొకలకు పనికిరాదు," అంటూ దారాన్ని జేబులో భద్రంగా పెట్టుకున్నాడు.

కోదాడ ఇంకా అరగంట ఉంది. నిజం చెప్పడానికి అది చాలు. నేను కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాను.

ఇప్పటికీ మిర్యాలగూడలో మిల్లుల రోడ్డు మీద తల వంచుకునే నడుస్తాను. ఏదో ఒక గేటు ముందు, నా కాళ్ళకే సరిపోయే బండి పక్కన నిలబడి, ఆయన నా మిల్లు ఏదని అడుగుతున్నట్టే ఉంటుంది.