పెద్దమ్మ షుగరు మిషను

మా పెద్దమ్మ పోయిందన్న కబురు నాకు తాడేపల్లిగూడెంలో, టీచర్ల ట్రైనింగు మధ్యలో, ఫోనులో తెలిసింది. "టిఫిను తిని కాసేపు నడుం వాలుస్తానన్నారు, మరి లేవలేదు" అన్నారు మా ఆయన. నాకు ఏడుపు రాలేదు. "షుగరెంతుందండీ?" అని అడిగాను. పోయిన మనిషికి షుగరెవరు చూస్తారు! మీకు నవ్వొస్తే నవ్వండి. నా కంగారు ఊరందరికీ తెలిసిందే. కానీ ఆ మాట అడగడానికి నాకో కారణం ఉంది.

ఆవిడ మా అమ్మకి అక్క. ఏలూరులో నర్సుగా చేసి రిటైరై, కైకలూరులో మా ఇంట్లోనే ఉండేది. పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "చేసుకుంటే నైటు డ్యూటీలు మీరు చేస్తారా అండీ?" అనేది. ఉద్యోగం చేసినన్నాళ్లూ గాజు గొట్టంలో మందూ మూత్రమూ పోసి, స్పిరిటు దీపం మీద కాచి, రంగు చూసి షుగరు చెప్పిన మనిషి. ఆవిడకే షుగరొచ్చాక నేను ఏలూరు వెళ్లి అరచేతిలో పట్టే మిషను కొనుక్కొచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇంత చుక్కకే చెప్పేస్తుందా? కోతలు కోస్తుందేమోనే" అంది.

వారం తిరిగేసరికి దాన్ని వదిలితే ఒట్టు. వీధంతా పరగడుపున మా వరండాలో కూర్చునేవారు. చేపల చెరువుల మీద పనిచేసేవాళ్లకి వేలి కొసన గుచ్చేది కాదు, పక్కన గుచ్చేది. "వల లాగే చెయ్యి. కొసన గుచ్చితే రోజంతా సలుపుతుంది" అనేది. యాభై ఏళ్లకే మంచమెక్కేవాళ్లున్న మా వీధిలో, డెబ్బై దాటినవాళ్లు ఆవిడ తిట్లకి భయపడి పొద్దున్నే చెరువు గట్ల మీద నడిచేవారు.

తప్పు నాది. ఒకసారి ఏలూరు డాక్టరు దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. "మోకాళ్లు లాగుతున్నాయే, నేనెందుకు, మిషను పట్టుకెళ్లు. అన్నీ అందులోనే ఉన్నాయి" అంది. తీసుకెళ్లి బల్ల మీద పెట్టాను. డాక్టరుగారు మీటలు నొక్కి చూశారు. మూడొందలు, మూడొందల నలభై. ఆయన మాత్ర అర నుంచి ఒకటి చేశారు. ఆ అంకెల్లో సగం వీధివాళ్లవని ఆయనకేం తెలుసు? నాకు తెలుసు. తెలిసినదాన్ని నోరు విప్పలేదు, ఆ క్షణాన తట్టనే లేదు.

ఆ ఆదివారం గుళ్లో ప్రార్థన మధ్యలో ఆవిడకి షుగరు పడిపోయి చెమటలు పట్టాయి, మాట తడబడింది. ఎవరో పరుగున వెళ్లి పంచదార నీళ్లు తెచ్చి పట్టించారు. తేరుకున్నాక నన్ను చూసి నవ్వింది. "దానికి రక్తం తెలుసు గానీ మనిషి తెలీదే. అది నీ తప్పేం కాదు." కాదని ఆవిడంటే సరిపోతుందా? ఆ రోజు మొదలు నాకు నిద్ర సరిగా లేదు.

తర్వాత దానికీ ఉపాయం కనిపెట్టింది. కళ్లలో శుక్లాలు, రాయలేదు. అందుకని సెల్లులో రికార్డు చేసేది. ఎవరిది ఎంతో, ఏం చెయ్యాలో. "మేత కొట్టాయన, రెండొందల పదహారు. అన్నం తగ్గించండి బాబూ, మానెయ్యమనలేదు." మేత కొట్టాయనంటే మా ఎదురింట్లో చేపల మేత అమ్మే ఆయన. అందరివీ అయ్యాక చివర్న, "నాది" అని తన అంకె చెప్పుకునేది.

గుండె ఆగిందన్నారు డాక్టరు, వయసు కదా అన్నారు. నేను నమ్మలేదు. షుగరు పడిపోయి పోయిందా? మళ్లీ ఆ మిషనే, నేను కొన్న మిషనే చేసిందా? సమాధానం సెల్లులో ఉంది, సెల్లేమో మెమరీ నిండి ఆన్ అవుతూనే ఆగిపోతోంది. సెల్ షాపాయన, "వస్తే వస్తాయండి, పోతే మొత్తం పోతాయండి" అన్నాడు. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. అంకె తెలియదన్న భయం ఒకటి, ఆవిడ గొంతు ఇక ఎక్కడా ఉండదన్న భయం ఇంకోటి.

వచ్చాయి. సీడీలో వేసిచ్చాడు. టీవీ కింద ప్లేయర్లో పెట్టాను. కిటికీలోంచి ఆవిడ గొంతు వినబడి మేత కొట్టాయన వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. చివరి రోజుది విన్నాను. నలుగురి అంకెలు. తర్వాత, "నాది రేపు. స్ట్రిప్పులు రెండే ఉన్నాయి." ముందు రోజుది పెట్టాను. "నాది రేపు." దాని ముందుదీ అంతే. ఎనిమిది రోజులు.

మిషనులో పెట్టే స్ట్రిప్పులు అయిపోవచ్చాయని అడగనే లేదు నన్ను! అడిగితే ఏలూరు పరిగెత్తనా? ట్రైనింగు కంగారులో ఉన్నానని అడగలేదు, మహాతల్లి. నా ప్రశ్నకి జవాబు ఏ మిషనులోనూ లేదు. ఇక రాదు.

"ఆ రెండిట్లో ఒకటి నాదేనండి" అన్నారు మేత కొట్టాయన గుమ్మంలోంచి. "మేత లారీలొస్తున్నాయని ఆ వారమంతా నేను రాలేదు. నాకోసం తీసిపెడతానని కబురంపారండి."

ఆయన లోపలికి వచ్చి కూర్చుని చెయ్యి బల్ల మీద పెట్టారు. నేనెప్పుడూ ఎవరికీ గుచ్చలేదు. డబ్బాలోంచి స్ట్రిప్పు తీశాను. ఎక్కడ గుచ్చాలో తేల్చుకోలేకపోతుంటే ఆయనే తన వేలు గట్టిగా పట్టుకుని నాకందించారు. చుక్క వచ్చింది. అంకె పడింది. పైకి చదవబోయి, పెద్దమ్మ చెప్పే తీరు గుర్తొచ్చి ఆగిపోయాను. ఆయన తొందరపెట్టలేదు. వేలు అలాగే చాపి, తల వంచుకుని కూర్చున్నారు.