ఏ గ్యాసు?

మా అక్క మొగుడు ఇల్లుబండ్లకు వైద్యుడు. ఇల్లుబండి అంటే లోపలే మంచం, పొయ్యి, స్నానాలగది ఉండే పెద్ద వ్యాను. జనం అద్దెకు తీసుకుని ఊళ్లు తిరుగుతారు. ఆ బండ్లలో చల్లదనం, వెచ్చదనం రెండూ బావ పూచీయే. చల్లబరిచే ఏసీ కప్పు మీద ఉంటుంది. సిలిండరుతో నడిచే హీటరు మంచం కింద ఉంటుంది. అంటే మనిషి పొద్దున నిచ్చెన ఎక్కాలి, మధ్యాహ్నం నేల మీద పాకాలి. ఈ వయసులో ఆయన ఎక్కడం దిగడం చూస్తుంటే నాకే నడుం లాగేస్తుంది. ఆ బండ్లు నిలిపే షెడ్డులోనే నేను సీట్లు కుడతాను. కూర్చుని చేసే పని కాబట్టి బావ నన్ను "మహారాజా" అంటాడు.

బండి బాగున్నంతకాలం బావ ఎవరికీ గుర్తురాడు. చెడితే మాత్రం ఫోను ఆగదు. ఒకే బండిలోంచి మొగుడు ఉక్కపోస్తోందంటాడు, పెళ్లాం వణికిపోతున్నానంటుంది. "వీళ్ల కాపురం కూడా నేనే రిపేరు చెయ్యాలా మహారాజా?" అనేవాడు బావ. ఈమధ్య ఆ మాట అనే ఓపిక కూడా ఉండటం లేదు.

ఒకరోజు ముసురు పట్టింది. వానాకాలంలో ఖాళీగా ఉన్న బండ్లన్నిటికీ ఏసీ చూసి పెట్టమన్నాడు ఓనరు. బావ పొద్దుటి నుంచి కప్పుల మీదే కూర్చుని గ్యాస్ పట్టాడు. ఏసీలో ఉండేదాన్నీ మావాళ్లు గ్యాసే అంటారు, హీటరు సిలిండర్లో ఉండేదాన్నీ గ్యాసే అంటారు. మొదటిది కారిపోతే చల్లదనం పోతుంది. రెండోది కారితే మనుషులే పోతారు.

మధ్యాహ్నం ఇద్దరం ఇంటికొచ్చాం. బావ నాలుగు మెతుకులు తిని గోడకు చేరగిలపడ్డాడు. కళ్లు మూతలు పడుతుండగా ఫోను మోగింది. ఒక కుటుంబాన్ని జలాశయం దగ్గరికి తీసుకెళ్లిన డ్రైవరు.

"అన్నా, బండిలో గ్యాస్ లీకవుతున్నట్టుంది."

"అవనీరా. వచ్చాక నింపుతాలే. ఉన్న చల్లదనం పోకుండా కిటికీలు మూసుకుని పడుకోమను," అని బావ ఫోను పక్కన పడేశాడు.

అక్క గిన్నెలు సర్దుతూ, "ఈ చలిలో ఏసీ ఎవరు వేసుకున్నారండీ?" అంది.

కారుతున్నది హీటరు గ్యాసని బావకు అప్పుడు వెలిగింది. మళ్లీ మళ్లీ ఫోను చేశాడు. అవతల మోగుతోంది, ఎత్తేవాడు లేడు.

"మహారాజా, నువ్వే తోలు. నా చేతులు ఆడటం లేదు," అన్నాడు.

దారి పొడుగునా ఒకటే గొణుగుడు. "చంటిపిల్ల ఉందిరా ఆ బండిలో. బయల్దేరేటప్పుడు నా వేలు పట్టుకుని వదల్లేదు." నాకు తిట్టాలనీ అనిపించింది, ఓదార్చాలనీ అనిపించింది. ఏదీ చేతకాక బండి ఇంకా జోరుగా తోలాను.

వెళ్లేసరికి బండి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. చెట్టు కింద దుప్పటి కప్పుకుని ఒక పెద్దావిడ, ఆవిడ ఒళ్లో పిల్ల, పక్కన కొడుకూ కోడలూ. డ్రైవరు ఫోను హడావిడిలో లోపలే ఉండిపోయిందట. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. ఆ ఏడుపు వింటే నాకు ప్రాణం లేచొచ్చింది.

బావ సిలిండరు కట్టేశాడు. వాసన పోయేదాకా ఆగి, పైపు పొడుగునా సబ్బునురుగు పూసి, సిలిండరు మీట కొంచెం తెరిచి చూశాడు. ఒకచోట బుడగలు లేచాయి. క్లిప్పు వదులైంది. అది మార్చి బయటికి వచ్చేసరికి పెద్దావిడ అందుకుంది.

"ఎవడో కిటికీలు మూసుకు పడుకోమన్నాడటయ్యా. నేను గోలచేసి అందరినీ దించాను కాబట్టి సరిపోయింది. లేకపోతే మా బతుకులు తెల్లారిపోయేవి."

డ్రైవరు తల దించుకున్నాడు. బావే అన్నాడు, "ఆ ఎవడో నేనేనమ్మా."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆవిడ బావను కిందినుంచి పైదాకా చూసి, "బాగా అలసిపోయావు నాయనా. ఇంక మానెయ్యకూడదూ?" అంది.

బావ బండి మెట్టు మీద కూలబడి ఏడ్చాడు. ఆ మనిషి ఏడవగా చూడటం నాకదే మొదలు.

మానెయ్యలేదు. మానేస్తే ఇల్లెలా గడుస్తుంది? ఫోను మాత్రం అక్క చేతికిచ్చేశాడు. అక్క ఇప్పుడు షెడ్డులోనే కూర్చుంటుంది. ఎవరు గ్యాస్ అన్నా, "ముందు అందరూ బండి దిగండి. ఏ గ్యాసో తర్వాత చెబుదురుగాని," అంటుంది. ఏసీ చెడినవాళ్లనీ ఎండలోకి దించేస్తుంది, వాళ్లు విసుక్కుంటారు. అందరూ దిగారని అక్క కేకేసి చెప్పేదాకా బావ నిచ్చెన మీద కదలకుండా నిలబడి ఉంటాడు.