కీమో సంగతి నన్నే తేల్చుకోమన్నారు

ఆపరేషన్ కుట్లు విప్పిన రోజు డాక్టరమ్మ నా రిపోర్టులు ముందర పెట్టుకుని, "గడ్డ పూర్తిగా తీసేశాం. చంకలోకి పాకలేదు. హార్మోన్ మాత్రలు మాత్రం తప్పకుండా వాడాలి. కీమో తీసుకుంటే ఇంకొంత మేలు ఉండొచ్చు. తీసుకోకపోయినా తప్పు కాదు. మీరే ఆలోచించుకుని చెప్పండి" అన్నది.

నాకు ఒళ్లు మండింది. చదువు ఎక్కడ ఆపాలో మా అన్న చెప్పాడు. ఎవరిని చేసుకోవాలో బాపు చెప్పాడు. ఏ రూటు ఎక్కాలో డిపోలో చెబుతారు. ఏ పూట ఏం వండాలో అత్త చెబుతుంది. ఇన్నేళ్ల బతుకులో ఒక్క విషయం నా ఇష్టానికి వదిలేశారు, అదీ ఇది.

"మీ అక్కకే వచ్చిందనుకోండి మేడం, మీరేం చెప్తరు?" అని అడిగాను.

"మా అక్క నా మాట వినదు" అన్నదామె.

నేను బస్ కండక్టర్‌ని. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్‌కు, మళ్లీ వెనక్కి. నాకు తీసేసింది ఎడమవైపు రొమ్ము. టికెట్ మిషన్ పట్టీ ఇన్నేళ్లూ దాని మీదే ఒరుసుకునేది. "ఇగ పట్టీకి అడ్డం లేదు" అని నేనంటే మా ఆయన మొహం తిప్పుకున్నాడు. ఆయన ఏ విషయానికైనా "నీ ఇష్టం" అంటాడు. పెళ్లయిన కొత్తలో అది మంచితనం అనుకున్నాను.

దుబాయ్‌లో క్రేన్ నడిపే మరిది వీడియో కాల్ చేశాడు. "తీస్కో వదినా. మా రూమ్ల ఒకాయన భార్య తీస్కున్నది, ఇప్పుడు గుర్రం లెక్క తిరుగుతుంది" అన్నాడు. మర్నాడు మళ్లీ చేసి, "వొద్దు వదినా. ఇంకొకాయన చెల్లె తీస్కొని శాన పరేషాన్ అయిందట" అన్నాడు. అతని రూంలో ఇంకా ఎంతమంది ఉన్నారోనని నాకు భయం వేసింది.

ఉట్నూర్ నుంచి మా అక్క వచ్చింది. ఆమె వెంట ఏదో వేరు దంచిన పొడి పొట్లం. "అడవిల మందు చెల్లె. పొద్దున పరిగడుపున తాగాలె. కీమో గీమో ఏం అక్కర్లే" అన్నది. తెలియని పొడులు తాగొద్దని డాక్టరమ్మ ముందే చెప్పింది కనుక నేను ముట్టలేదు. మా ఆయనకు మాత్రం అక్క మనసు నొప్పిస్తామేమోనని బాధ. అసలు ఎట్లా ఉంటుందో చూద్దామని గ్లాసు నీళ్లలో కలుపుకుని తాగాడు. ఆ రోజంతా మనిషి బాత్రూం బయట ఉన్నది తక్కువ, లోపల ఉన్నది ఎక్కువ. అక్క తన పొట్లం తాను తీసుకుని సాయంత్రం బస్సుకే వెళ్లిపోయింది.

నేను కీమో వద్దనే అనుకున్నాను. ఎవరైనా ఎందుకని అడిగితే ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెప్పేదాన్ని.

ఒక మధ్యాహ్నం అత్త చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే నేనూ వెళ్లి కూర్చున్నాను. చేతిలో పని ఉంటేనే మేమిద్దరం కొట్లాడుకోకుండా కూర్చోగలం.

"కీమో వొద్దంటున్నవట" అన్నది.

"అట్లనే అనుకుంటున్న."

"ఎందుకు?"

"జుట్టు ఊడుతదత్తా."

అత్త నా జడ వైపు చూసింది. "నీకేం తాళ్లు పేనేటంత జుట్టున్నదని ఫికర్? అసలు సంగతి చెప్పు."

అప్పటిదాకా నాకు నేనే చెప్పుకోని మాట నోట్లోంచి వచ్చేసింది. "మంచాన పడ్త. వాంతులైతయి. అయన్నీ నువ్వు ఎత్తాలె. ఇన్నేండ్లు నీతోని కొట్లాడి, ఇప్పుడు నిన్ను గిన్ని నీళ్లియ్యుమని అడగాలంటే ఇజ్జత్ పోయినట్టుంటది."

అత్త ఈనె తీయడం ఆపలేదు. "నాకైతే మంచిగుంటది. ఇంట్ల కాలు వెట్టిన కాన్నుంచి నా మాట ఒక్కటన్న ఇన్నవా? మంచంల ఉంటె యాడికి పోతవు, ఇంటవు."

నవ్వు ఆగలేదు. నవ్వితే కుట్ల చోట లాగింది. అత్త ఇంకో కాయ అందుకుని, "నీ కన్న ముందు నేను పోవాలె. నువ్వు నడుమ లైను తప్పిస్తే నన్నెవరు చూస్తరు? నా కొడుకా? వాడు పొయ్యి మీద పాలు వెట్టి మర్చిపోతడు" అన్నది.

తర్వాతి వారం మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి పోయాను. "తీసుకుంటే మళ్ల రాదా మేడం?"

"రాదని చెప్పలేను. వచ్చే అవకాశం కొంత తగ్గుతుంది."

"తీసుకోకుంటే వస్తదా?"

"అదీ చెప్పలేను."

"నడుమల తట్టుకోకుంటే?"

"మందు మార్చి చూస్తాం. అప్పటికీ కష్టమైతే ఆపేద్దాం. ఒకసారి మొదలుపెడితే చివరిదాకా చెయ్యాల్సిందే అని ఏమీ లేదు."

ఆ ఆఖరి మాట నాకు అప్పటిదాకా తెలియదు. ఇంటికి తాళం వేసి బస్సెక్కాక కూడా, వేశానో లేదోనని పక్కింటికి ఫోన్ చేసే మనిషిని నేను. కీమో వద్దని ఇంటికిపోతే ప్రతి నడుం నొప్పికీ అర్థం వెతుక్కుంటూ బతుకుతాను. కొన్ని నెలలు వాంతులు చేసుకోవడమే నాకు సులువనిపించింది. "మొదలువెట్టుండి" అన్నాను.

మొదటిసారి ఎక్కించిన రోజు ఏమీ కాలేదు. ఇంతేనా అని ఇంటికొచ్చి చికెన్ వండమన్నాను. ఆ తర్వాత చాలా రోజులు చికెన్ అనే మాట వింటేనే బకెట్ అడిగాను. బకెట్ అత్తే తెచ్చేది. తెచ్చి, నేను తల ఎత్తలేని సమయం చూసుకుని, ఇరవై ఏళ్ల కిందటి తగువులో తప్పు ఎవరిదో వివరించేది. రుచీ పచీ లేని జొన్న గటక చేసి పెట్టేది. తినకపోతే తిట్టేది. ఆ తిట్లకు ఓపిక లేకపోయినా బదులు చెప్పేదాన్ని.

జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలుతుంటే మా ఆయన తన గడ్డం ట్రిమ్మర్ తెచ్చి పెరట్లో కూర్చోబెట్టాడు. ఆయన నా తల పట్టుకుని అంతసేపు ఉండటం అదే మొదటిసారి. సగం అయ్యాక ఏడ్చాడు.

"సక్కగ గీకు, చారలు పడ్తయి" అన్నాను.

నడుమ ఒకసారి జ్వరం వచ్చి ఆస్పత్రిలో చేరాల్సి వచ్చింది. అప్పుడు నిజంగా ఆపేద్దామనుకున్నాను, ఆ మాటే చెప్పాను. డాక్టరమ్మ బతిమాలలేదు, బెదిరించలేదు. మందు తగ్గించి ఇంకొకసారి చూద్దామా అన్నది. చూశాం. అట్లా చూసుకుంటూ అయిపోయింది.

కీమో పనిచేసిందా అని మొన్న చెకప్‌లో డాక్టరమ్మను అడిగాను. ఇప్పటికైతే అంతా బాగానే ఉందనీ, కీమో లేకున్నా ఇట్లాగే ఉండేదేమో ఎవరూ చెప్పలేరనీ అన్నది. ఈ మనిషి తన అక్కతో ఎట్లా వేగుతుందో అనుకున్నాను.

డ్యూటీకి తిరిగి వచ్చేసరికి తల మీద అంగుళం జుట్టు. కొండగట్టు స్టేజీ దాటాక, ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ తీసుకున్న ఒక పెద్దామె నా తల చూసి సంబరపడింది.

"అంజన్నకు ఎంటికలు ఇచ్చినవా బిడ్డా? ఏం మొక్కుకున్నవ్?"

అసలు సంగతి చెప్పడానికి ఆ బస్సులో చోటు లేదు. ఫుట్‌బోర్డు దాకా ఆడవాళ్లే ఉన్నారు.

"నా బస్సుల నాకొక్క సీటు దొరకాలని" అన్నాను.

ఆమె చుట్టూ చూసి, "అయితే ఇంకా తీరలే" అని, మోకాళ్లు ఒక పక్కకు జరిపి నన్ను కూర్చోమన్నది.