ఒరిజినల్స్ తెచ్చినావా?

నంద్యాలలో మా విత్తనాల కంపెనీలో ఉద్యోగం ఇవ్వడమంటే పిల్లనిచ్చినంత తతంగం. ముందు ఊరు, తర్వాత ఇంటిపేరు, ఆ తర్వాత "ఎవరి తాలూకు?" అని అడిగేవారు. చదువు సంగతి చివర్లో వచ్చేది. అన్నీ కుదిరితే మా సార్ నా వైపు తిరిగి, "ఒరిజినల్స్ బీరువాలో పెట్టుకోమ్మా" అనేవారు. సర్టిఫికెట్లు మన దగ్గరుంటే మనిషి మానేసి పోడని ఆయన నమ్మకం. బీరువా తాళంచెవి నా నడుముకు వేలాడేది. ఆ పెత్తనం నాకు బాగానే నచ్చిందని ఒప్పుకోవాలి.

రోజూ ఆళ్లగడ్డ నుంచి బస్సులో వచ్చే నేనే ఆఫీసులో గుమస్తాను, చట్టం తెలిసినదాన్నీ నేనే. కార్మిక శాఖ వాళ్లు వస్తున్నారంటే పనిగంటల బోర్డు దుమ్ము దులిపి గోడకు తగిలించేదాన్ని. వాళ్లు జీపెక్కగానే దాని మీదికి క్యాలెండర్ వచ్చేది.

మొన్న ఎండాకాలం ల్యాబులో మొలక పరీక్షలు చేసే అతను చెప్పాపెట్టకుండా బెంగుళూరు వెళ్లిపోయాడు. అతని సర్టిఫికెట్లు మాత్రం బీరువాలో భద్రంగా ఉన్నాయి. తొలకరి దగ్గరపడుతోంది, సరుకు పరీక్ష చేయకుండా బయటికి పోదు. ఆ ఖాళీకి మా ఊరి దర్జీ కూతురు దరఖాస్తు పెట్టింది. ఇంటర్వ్యూకు ఇద్దరం ఒకే బస్సులో వచ్చాం. కొన్నాళ్లు జీతం కూడబెడితేనే పీజీ చదవగలదు, ఒరిజినల్స్ చేతిలో ఉంటేనే సీటిస్తారు. దారి పొడవునా ఆ పిల్ల అదే చెప్పింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

సార్ మొదలుపెట్టారు. "పెండ్లెప్పుడు పాపా?"

"చూస్తాండారు సార్. మీకు తెలిసినోళ్లు ఎవురన్నా ఉండారా?"

నాకు నవ్వాగక దగ్గు నటించాను.

"సరే, ఒరిజినల్స్ తెచ్చినావా? ఇచ్చిపో."

"ఇస్తా సార్. మీ విత్తనాల లైసెన్సు ఒరిజినల్ నాకియ్యండి. నేను మానేసే దినం మార్చుకుందాం."

"అది నీకెందుకు?"

"రేపు మీరు కంపెనీ మూసేసి పోతే మిమ్మల్ని యాడ ఎతుక్కునేది?"

సార్ నా వైపు తిరిగారు. "ఏందమ్మా ఇది? చట్టంలో ఏముండాది?"

"ఒరిజినల్స్ పెట్టుకోమని యాడా లేదు సార్. అపాయింట్‌మెంట్ లెటర్ ఇయ్యాలని మాత్రం ఉండాది."

"మరి ఇన్నేండ్లు చెప్పలేదే?"

"మీరు అడగలేదు సార్."

సర్టిఫికెట్లు వదిలేసి బెంగుళూరు వెళ్లినవాడు ఆయనకు గుర్తొచ్చాడేమో, "జిరాక్సులు తీసుకో, లెటర్ టైపు చెయ్" అని లేచి వెళ్లిపోయారు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

జిరాక్సులు పెట్టడానికి బీరువా తెరిస్తే ఆ పిల్ల నా భుజం మీంచి తొంగిచూసింది.

"అక్కా, నీవి యాడుండాయి?"

అడుగు అరలో ఉన్నాయి, పదకొండేళ్లుగా. ఒకప్పుడు కర్నూలులో మంచి ఉద్యోగానికి పిలుపొస్తే, సార్ సర్టిఫికెట్లు ఇవ్వరని చెప్పి పోలేదు. ఇంట్లో వాళ్లూ అయ్యో అన్నారు. నిజానికి నేను ఆయన్ని అడగనే లేదు, తాళంచెవేమో అప్పుడూ నా నడుముకే ఉంది. ఆ పిల్ల ముందు నాకు సిగ్గేసింది.

నావి తీసి బ్యాగులో పెట్టుకుని, ఆ చోట ఆ పిల్ల జిరాక్సులు సర్దాను. సార్ అడిగితే చెబుదామనుకున్నాను. ఇంతవరకూ అడగలేదు.