వదిన ఇచ్చిన నల్లమచ్చ చిక్కుడు

వీధిలో అందరికీ ఆమె చిక్కుడత్తే. అసలు పేరు పెట్టి పిలిస్తే ఇంకెవర్నో అనుకుని పక్కకి తప్పుకునేది. ఊరి చివర కాలువ గట్టు దగ్గర వాళ్లకో చిన్న నేల చెక్క ఉంది. దాంట్లో పందిళ్లేసి చిక్కుళ్లు పెంచి, పొద్దున్నే కోసి బజారులో అమ్ముకునేది. భర్త బస్సుల షెడ్డులో మెకానిక్కు. ఆయన గోళ్లలో గ్రీజు, ఆమె గోళ్లలో ఆకుపసరు. అన్నం దగ్గర ఒకరికొకరు వంక పెట్టుకునే పని లేదు.

కాపురానికొచ్చిన కొత్తల్లో ఆ పందిళ్ల మీద నాలుగు రకాల తీగలుండేవి. ఆ ఇంట్లో ఎవరి నోరు వాళ్లది మరి. పళ్లు లేని మామగారికి వెన్నలా ఉడికే తెల్లకాయ కావాలి. మెకానిక్కుకి ఊదా అంచు కాయ లేకపోతే ముద్ద దిగదు. అత్తగారికి ఎండాకాలంలోనూ కాసే పొట్టికాయ. నాలుగోది నల్లమచ్చ. మెకానిక్కు అక్క తన అత్తింటి నుంచి తెచ్చిచ్చిన గింజ అది. తోలు మందం, ఉడకడానికి మహా మొండి.

పెద్దవాళ్లిద్దరూ పోయాక, టోకు వ్యాపారి ఒక కొత్త విత్తనం తెచ్చాడు.

"కాయలన్నీ అచ్చు గుద్దినట్టుంటాయి అత్తా. కోతంతా ఒకేసారి. నీకూ సుఖం, నాకూ సుఖం."

అతను చెప్పినదాంట్లో అబద్ధమేం లేదు. కాపు విరగబడి కాసింది. చుట్టుపక్కల మళ్లన్నీ ఆ రకానికే మారాయి. చిక్కుడత్త కూడా ముందు తెల్లకాయ మానేసింది, తర్వాత పొట్టికాయ, ఆపైన ఊదా అంచు. "షెడ్డులో బస్సులన్నీ ఒకే రంగు, ఇంట్లో కూరలూ ఒకే రంగు" అని మెకానిక్కు గొణిగాడు గానీ, పెట్టింది తినేశాడు.

నల్లమచ్చ మానేసిన ఏడు వదిన వచ్చి, "నా తీగేదమ్మాయ్?" అంది.

"ఆ రాళ్లు ఉడికేలోపు ఆకలి చచ్చిపోతోంది వదినా. ఈసారి వెయ్యలేదు."

వదిన సంచీ తీసుకుని వెళ్లిపోయింది. రెండు వీధుల అవతలే ఆవిడ కుట్టుమిషను కొట్టు. అయినా ఆ తర్వాత ఇద్దరి మధ్యా మాటలు పొడిపొడి అయిపోయాయి.

ఆ మరుసటి ఏడే తెల్లదోమ వాలింది. ఆకులు పసుపు తిరిగాయి, పూత రాలింది, కాయలు వంకర పోయాయి. ఒక మడి నుంచి ఇంకో మడికి అడ్డే లేకుండా పాకింది. కాలువ పొడుగునా ఉన్నది ఒకే రకమాయె. మందులు కొట్టినా లొంగలేదు. బజారులో చిక్కుడుకాయ మాటే లేదు. చిక్కుడత్త ఖాళీ గంప పక్కన పెట్టుకుని ఇంట్లో కూర్చుంది.

"ఊరికే కూర్చునే బదులు అక్క కొట్టు మీదకి ఓసారి చూడరాదూ" అన్నాడు మెకానిక్కు.

వెళ్లి చూసింది. కొట్టు రేకుల మీద నల్లమచ్చ తీగ పచ్చగా, గుత్తులు గుత్తులుగా కాయలతో వేలాడుతోంది. వదిన జాకెట్టుకి హుక్కులు కుడుతూ తలెత్తింది.

"రాళ్ల కోసం వచ్చావా?"

"వచ్చాను వదినా. అప్పుడు నోరు జారాను."

"జారితే జారావులే. ముందు రాత్రే గింజలు నానబెడితే పూవులా ఉడుకుతాయి. నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. ఇద్దరం ఇద్దరమే."

ఇద్దరికీ నవ్వాగలేదు. బేరానికొచ్చినావిడ జాకెట్టు మాట మర్చిపోయి వీళ్లనే చూస్తూ నిలబడింది.

వదిన ఇచ్చిన గింజల్ని చిక్కుడత్త కాలువ గట్టు మళ్లవాళ్లకి పంచుతుంటే చూడ్డానికి వ్యవసాయ శాఖ అమ్మాయి వచ్చింది. "మంచి పని చేస్తున్నారు. కానీ పిన్నిగారూ, అందరూ మళ్లీ ఇదొక్కటే వేస్తే మొదటికే వస్తాం. దీన్ని తినే పురుగూ ఎక్కడో ఉండే ఉంటుంది. మీ పాతవన్నీ ఉంటే, ఒకటి పోయినా ఇంకోటి అన్నంలోకి వస్తుంది" అంది.

ఆ మాట చిక్కుడత్తకి పట్టింది. అప్పట్లో తను గింజలిచ్చిన ఇళ్లన్నీ తిరిగింది. ఊదా అంచు షెడ్డు డ్రైవరు తల్లి పెరట్లో దొరికింది. పొట్టికాయ పాలావిడ దడి మీద ఉంది. తెల్లకాయ మాత్రం ఎవరి దగ్గరా లేదు. మామగారు చిగుళ్లతో నమిలి "ఇంకాస్త వెయ్యి తల్లీ" అనడం గుర్తొచ్చి, ఆ సాయంత్రం గట్టు మీద చాలాసేపు కూర్చుంది. అది ఇక రాదు.

మూడు రకాలూ వేసింది. టోకు వ్యాపారి కొత్త రకానికీ ఒక పందిరి వదిలింది, దాని మీద ఆమెకి పగేం లేదు. ఆ ఏడు చలిలో నల్లమచ్చకి పేనుబంక పురుగు పట్టింది. ఊదా అంచు జోలికి మాత్రం అది పోలేదు. గంప నిండింది. కాయలు పొట్టీ పొడుగూ కలిసిపోయాయని వ్యాపారి సణిగితే, వేరు చేసుకోమని చాట ఒకటి అతని చేతికిచ్చింది.

ఇప్పుడు మధ్యాహ్నాలు వదిన కొట్టు మూసి ఇక్కడికే వస్తుంది. వదినా మరదళ్లు గుమ్మంలో కూర్చుని కాయలు ఒలుస్తూ, మెకానిక్కు చిన్నప్పటి అల్లరి చెప్పుకుంటుంటారు. లోపల ఆయన నిద్రపోతున్నట్టే పడుకుని అంతా వింటుంటాడు.