అత్తయ్యగారి సున్నుండల ప్రచారం

పోయినేడాది సింగపూర్‌లో మా అమ్మాయి మేఘన చదివే అమెరికన్ స్కూల్లో, అమెరికా ప్రభుత్వం గురించిన పాఠం కోసం ఉత్తుత్తి సెనేట్ ఎన్నిక పెట్టారు. మేఘన నిలబడింది. తెనాలి నుంచి వచ్చిన మా అత్తయ్య ఊరుకుంటారా? ప్రచారం రోజున నాతోపాటు స్కూలుకొచ్చి, డబ్బా నిండా సున్నుండలు తెచ్చి, "మా మనవరాలికే వెయ్యాలమ్మా" అంటూ తెలుగులోనే క్లాసంతా పంచేశారు.

"ఓటర్లకు తాయిలాలా? మేఘనను పోటీ నుంచి తీసేస్తాను" అన్నారు టీచర్. నాకు తల కొట్టేసినట్టయింది.

మేఘన లేచి, "నానమ్మ మద్దతు చెప్పే పద్ధతి ఇదే. మీరు నేర్పిన భావప్రకటనా స్వేచ్ఛ ఆవిడకు లేదా?" అని వాదించింది. టీచర్ నవ్వేసి తనూ ఒకటి నోట్లో వేసుకున్నారు.

తీరా చూస్తే మేఘన చిత్తుగా ఓడింది. "అందరూ తిన్నారు, బట్ నో ఓట్ లా, నానమ్మా!" అని సింగపూర్ యాసలో అంటూ ఏడుపు మొహం పెట్టింది.

ఏ దేశపు ఎన్నికల వార్త విన్నా, అప్పుడు అత్తయ్య ఇచ్చిన సలహా గుర్తొచ్చి నవ్వుకుంటాను. "మా వార్డులోనూ ఇంతేనే. ఈసారి ముందు ఓటు, తర్వాతే ఉండ!"